క్రిములకు మేత

"ఆ తాతని ముట్టుకోకు!"

చర్మవ్యాధుల ఆసుపత్రి వరండాలో తల్లి కేక పెట్టింది.

నాలుగేళ్ల బుడంకాయ చటుక్కున చెయ్యి వెనక్కి లాక్కుంది. అప్పటిదాకా పక్క బల్ల మీది పెద్దాయన తన రెండు చేతుల్నీ కుందేళ్లను చేసి ఒళ్లో గెంతిస్తుంటే, గోక్కోవడం కూడా మరిచిపోయి పకపకా నవ్వుతోంది.

పాపం, ఆ తల్లిని అనడానికీ లేదు. పిల్ల మోచేతులు, మోకాళ్లు పగిలి రసి కారుతుంటే ఏడాదిగా ఇంట్లో ఎవరికీ కంటిమీద కునుకు లేదు. ఆవిడేమో చీమ పాకిన చోట కూడా ఫినాయిల్ పోసే మనిషి. పిల్లను పూటపూటా మందుసబ్బుతో రుద్ది రుద్ది కడుగుతుంది.

పెద్దాయన దగ్గరేమో చెమట వాసన గుప్పుమంటోంది.

"మీకేం జబ్బండీ?" అని నిలదీసింది.

"నాకే జబ్బూ లేదమ్మా."

"జబ్బు లేనివాళ్లకి ఇక్కడేం పని?"

ఆయన ఏదో చెప్పబోయి, నర్సు వైపు చూసి, నవ్వి ఊరుకున్నాడు.

ఆ నవ్వుకి ఆవిడ ఒళ్లు మండింది. "సిస్టర్, కాస్త స్నానం చేసి రమ్మని చెప్పకూడదూ? పసిపిల్లలు తిరిగే చోటు!"

నర్సు నోరు తెరిచేలోపే పెద్దాయన లేచాడు.

"పోనీలే సిస్టర్, బిడ్డ గురించే కదా ఆవిడ బాధంతా. నేను మెట్ల మీద కూర్చుంటాను."

బయట వాన జల్లు కొడుతోంది.

లోపల డాక్టరమ్మ పాప చెయ్యి చూసి నిట్టూర్చింది.

"ఇంతలా రుద్దితే ఎలాగమ్మా? చెడ్డ క్రిములతోపాటు మంచివీ కొట్టుకుపోయాయి."

"క్రిముల్లో మంచివి కూడానా!"

"మన చర్మానికి కాపలా కాసేవి అవే. మేం పరీక్షిస్తున్న ఈ కొత్త మందులో వాటినే పెట్టాం. కాఫీలో కలుపుతారే, ఆ చికోరీ వేరులోంచి తీసిన పీచు కూడా కలిపాం. అది వాటికి మేత. మేత ఉంటేనే కదా అవి నిలబడేది! సబ్బు మాత్రం పెట్టకండి."

బతికున్న క్రిముల్ని చేజేతులా బిడ్డకు పూయాలా? ఆవిడ ప్రాణం గిలగిల్లాడింది. అయినా వేరే దారి లేక పూసింది.

వానలు తగ్గేసరికి మోచేతులు నున్నబడ్డాయి. బుడంకాయ ఆదమరిచి నిద్రపోయిన మొదటి రోజు, తల్లి పక్కన కూర్చుని ఏడ్చింది. సంతోషంతోనే.

ఆఖరిసారి చూపించడానికి వచ్చినప్పుడు పాప బల్లలన్నీ వెతికింది.

"కుందేళ్ల తాతేడమ్మా?"

తల్లి మనసు చివుక్కుమంది.

"సిస్టర్, ఆ రోజు నోరు జారాను. ఆయన్ని చూసి తప్పయిందని చెప్పుకోవాలి. ఆయన జబ్బు నయమైందా?"

"ఆయన పోయారమ్మా. నెల కావస్తోంది. గుండెపోటు."

"అయ్యో!"

నర్సు పాప చెయ్యి అందుకుని మెల్లగా నిమిరింది.

"ఆయనకి చర్మం జబ్బేం లేదమ్మా. తను బతికుండగా ఎవరికీ చెప్పొద్దన్నారు. నమూనా ఇవ్వడానికి వచ్చే ప్రతిసారీ స్నానం చెయ్యొద్దని ఆయనకి చెప్పింది మేమే."

"నమూనా ఏంటి?"

"పాప ఒంటిమీది మంచి క్రిములు ఆయన చేతుల మీంచి తీసి పెంచినవేనమ్మా."