కుర్చీలో మనిషి

“ఆ కుర్చీలో మీ భార్య కూర్చున్నారనుకోండి. ఇన్నాళ్లూ చెప్పలేనిది ఆమెకు చెప్పండి,” అంది కౌన్సెలర్ హదస్సా.

ఏ.ఎస్. రావు నగర్‌లోని ఆ చిన్న గదిలో సదాశివ లేచి, ఖాళీ కుర్చీని ఫ్యాన్ కింది నుంచి పక్కకు జరిపాడు.

“ఫ్యాన్ గాలి ఆమెకు పడదు మేడం.”

తన వీపు వెనకున్న దిండు తీసి అందులో పెట్టాడు. “నడుం నొప్పి సుత ఉంది.”

తర్వాత కుర్చీకి ఎదురుగా కూర్చుని చేతులు నలుపుకున్నాడు.

“ఎనిమిదేండ్ల కింద నీ గుండె ఆపరేషన్ రోజు డ్యూటీ ఉందని చెప్పిన గదా. లేకుండె. నీకేమైతదో అని భయమై, బొల్లారం రైల్వే స్టేషన్ల కూసొని పొద్దుమూకేదాక ఏడ్చిన. నువ్వు లేకుంటే నాకు...”

అరచేత్తో కళ్లు ఒత్తుకున్నాడు. హదస్సా కూడా కళ్లు తుడుచుకుంది.

అంతలో తలుపు తెరుచుకుంది. బయట బెంచీ మీద కూర్చుని అంతా విన్న అతని భార్య విసవిసా లోపలికి వచ్చి, ఆ కుర్చీలోనే కూర్చుంది.

“ఎనిమిదేండ్ల సంది నీకు నా మీద ప్రేమ, పావురమే లేదనుకున్న. మొత్తం చెప్పు, వింట.”

సదాశివ తన కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. హదస్సా వైపు తిరిగాడు.

“మేడం, ఆమెను జెర బయటికి పంపుండ్రి. కుర్చీల మనిషి ఉంటే నేనెట్ల మాట్లాడాలె?”

భార్య అతని ముఖంలోకి చూసింది. లేచి, దిండు సర్ది, బయటికి వెళ్లి తలుపు దగ్గరగా వేసింది.

“ఊఁ, ఇగ చెప్పు,” అంది తలుపు సందులోంచి.