మిజొరొగి చూడాల్సిన చెట్టు

“చిగుసా, నీ చెట్టుకి మళ్లీ ఒక భక్తుడొచ్చాడే. ఇంకా మిగిలున్నారన్నమాట.”

రేవులో చేపలు ఎండబెట్టుకుంటున్న ఒతొమె కొండవైపు తలెత్తి కేకేసింది.

చిగుసా చేతిలోని తెగులు మందు బకెట్ కిందపెట్టి చూసింది. మెట్లదారిన ఒకాయన ఆయాసపడుతూ ఎక్కి వస్తున్నాడు. పొట్టి మనిషి, కళ్లద్దాలు. యాభై ఏళ్లు దాటి ఉంటాయి.

ఒకప్పుడు ఇలాంటివాళ్లు పడవల నిండా దిగేవారు. పిల్లా పెద్దా అందరి చేతుల్లోనూ ఆ వీడియో గేమే ఉన్న రోజులవి. అందులో కొనప్రాణంతో పడిపోయిన వీరుడి నోట్లో ఒక పండు పిండితే లేచి కూర్చుంటాడు. నారింజ కన్నా చిన్నది. ఎర్రటి ముడతల తోలు, తొడిమ దగ్గర కొంగలా సాగిన మెడ. అచ్చం ఈ దీవిలో కాసే తొమొషి పండే. తర్వాత ఆ గేమ్ పాతబడింది. జనమూ రావడం మానేశారు.

తొమొషి నాలుక మీద పెడితే కళ్లు మూసుకుపోయేంత పులుపు. సంతలో అడిగే నాథుడు లేక దీవిలో అందరూ చెట్లు పీకేసి నిమ్మ వేసుకున్నారు. చిగుసా నాన్న కూడా రంపానికి సాన పట్టించాడు. సరిగ్గా ఆ శరత్కాలంలోనే గేమ్ చేత పట్టుకుని మిజొరొగి అనే ఆయన వచ్చాడు. ఈ పండు గీసింది నేనేనన్నాడు. తొమొషిని ఎక్కడో సంతలో చూసి మనసు పారేసుకున్నాననీ, చెట్టును చూడాలనే వచ్చాననీ చెప్పాడు.

నాన్న మురిసిపోయి ఎర్రచేప అన్నం వండి పెట్టాడు. రెండు రోజులుంటానన్నవాడు పళ్లు రాలేదాకా ఉన్నాడు. చెట్లు నరకొద్దని నాన్న చేత మాట తీసుకున్నాడు. టోక్యో వచ్చేస్తావా అని చిగుసాని అడిగాడు. వచ్చే ఏడు పళ్లు ఎర్రబడేసరికి తిరిగొస్తానని చెప్పి పడవెక్కాడు.

అంతే.

నాన్న మాట తప్పలేదు. తెగులు సోకి చెట్లు ఒక్కొక్కటే ఎండిపోతున్నా మందు కొడుతూనే ఉన్నాడు. మంచాన పడ్డాక కూడా, పడవ కూత వినిపిస్తే ఎవరొచ్చారే అని అడిగేవాడు. ఆయన పోయాక ఆ బకెట్ చిగుసా చేతికి వచ్చింది. పెళ్లి సంబంధాలు తెచ్చిన ఒతొమె విసిగి మానుకుంది. ఇప్పుడు తోటంతటికీ ఒక్క చెట్టు మిగిలింది. దాని ఆకులూ పసుపుబారాయి. తెగులు తమ నిమ్మతోటలకి పాకుతుందని ఊరంతా గోల. మిజొరొగి గారు ఒక్కసారి వచ్చి చూసిపోతే నేనే కొట్టేస్తానని చిగుసా అందరికీ చెబుతూ వస్తోంది.

వచ్చినాయన చెట్టు ముందు చాలాసేపు నిలబడ్డాడు. గుప్పెడు పళ్లు కూడా లేవు దానికి. ఒకదాన్ని తాకబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

టీ ఇస్తూ, మీరూ ఆ గేమ్ ఆడేవారా అని అడిగింది చిగుసా. ఆ గేమ్ తయారుచేసిన కంపెనీలో పనిచేశానన్నాడు. ఆమె చేతిలో టీ ఒలికింది.

“అయితే మిజొరొగి గారు తెలుసా మీకు?”

“ఎవరు?”

“మిజొరొగి గారండీ. పండు బొమ్మ గీసినాయన. మా ఇంట్లోనే ఉండి వెళ్లారు.”

ఆయన కప్పు కిందపెట్టాడు. మనిషి ఎలా ఉండేవాడని అడిగాడు. పొడుగ్గా ఉండేవాడనీ, పెదవి పక్కన పుట్టుమచ్చ అనీ, స్నానం చేస్తూ గొంతెత్తి పాడేవాడనీ చెప్పింది చిగుసా. చెబుతుంటే ఆమె ముఖంలో పదేళ్లు వెనక్కి పోయాయి. ఇక్కడేమైనా బొమ్మలు గీశాడా అని ఆయన మళ్లీ అడిగాడు.

“ఒక్క గీత గీస్తే ఒట్టు. సెలవులో పెన్సిల్ చూస్తే ఒళ్లు మంటనేవారు.” నవ్వింది. వెంటనే నవ్వు ఆపేసింది. “ఎలా ఉన్నారాయన? ఇటువైపు వచ్చే ఆలోచన ఏమైనా ఉందా?”

ఆయన ఆమె వంక చూశాడు. మందు మరకలతో పగిలిన ఆమె చేతుల వంక చూశాడు.

“పోయాడమ్మా,” అన్నాడు.

చిగుసా ఒలికిన టీని గుడ్డతో తుడవసాగింది.

“చాలాకాలం అయింది. ఇక్కణ్ణుంచి వచ్చాక జబ్బు పడ్డాడు. రావాలని మాత్రం అంటూ ఉండేవాడు.”

“నాన్న చివరిదాకా వస్తాడనే అన్నాడు.” అంది చిగుసా. “నేనే తిట్టుకున్నాను.”

కాసేపటికి లేచి ఇంట్లోకి వెళ్లి రంపం తెచ్చింది. అటువైపు పట్టుకుంటారా అని అడిగింది. ఆయన వద్దనబోయి, పట్టుకున్నాడు. లోపలంతా పుచ్చిపోయిన చెట్టు. ఎక్కువసేపు పట్టలేదు. చెట్టు పడిన చప్పుడుకి ఒతొమె పరుగున వచ్చి, మెట్ల మీదే ఆగిపోయింది.

చిగుసా పళ్లు ఏరి గుడ్డలో మూటకట్టి ఆయన చేతిలో పెట్టింది.

“ఆయన సమాధి ఎక్కడుందో మీకు తెలిసే ఉంటుంది. దాని మీద పెట్టండి. నాన్న పంపాడని చెప్పండి.”

ఆయన నడుం వంచి నమస్కరించాడు. ఎంతకీ పైకి లేవలేదు.

సాయంత్రం పడవ కదిలింది. ఏనాడో టోక్యోలో, తన అద్దెగది కింద కూరగాయల కొట్లో కొన్న మామూలు నారింజకు మెడ సాగదీసి ఆ బొమ్మ గీసిన మిజొరొగి, జన్మలో మొదటిసారి అడుగుపెట్టిన ఆ దీవి కనుమరుగయ్యేదాకా పళ్లమూటతో పడవ అంచున నిలబడే ఉన్నాడు.