ఆకుపచ్చ చుక్క

ఇట్లా దగ్గరికి జరుగు. ఆ సెల్లు కాసేపు బోర్లా పెట్టు. హిందూపురం బజారులో కిరాణా అంగడి రామలింగయ్య ఉండాడే, ఆయన సంగతి చెప్తా విను.

చానా పట్టింపు మనిషి. ఏ పొట్లం వచ్చినా తిప్పి చూసేది, ఆకుపచ్చ చుక్క ఉంటేనే అంగట్లో పెట్టేది. గుడ్డో మాంసమో కలిసిందని వేరే రంగు చుక్క కనపడిందా, వాకిట్లోంచే ఎనక్కి పంపేస్తాడు. ఒకసారి ఎవరింట్లోనో తిన్న కేకులో గుడ్డు ఉండాదని తెలిసి మూడు దినాలు పస్తున్నాడు. భార్య సీతాదేవి ఇంకా గట్టిది. ఆ మూడు దినాలూ మొగుణ్ణి వంటింటి గడప దాటనియ్యలేదు.

అంగడి ఎనక సందులో ఎర్రప్ప పందులు మేపుతాడు. అవే అతని బతుకు.

"ఏమప్పా ఎర్రప్పా, నీ పందులు నా గోడకు వీపు రుద్దుకుంటాండాయి!"

"రుద్దుకోనీ శెట్టీ. గోడ ఎవరిదో వాటికి యాడ తెలుస్తుంది? సున్నం పోతే నేనేసిస్తా."

రామలింగయ్యకు ఒళ్ళు మండింది. అర్జీ రాసి, బజారంతా సంతకాలు పెట్టించుకోని పెనుకొండ సర్కారాఫీసుకు పోయినాడు. ఆఫీసరు కనపడేదాకా లేవనని పొద్దున్నుంచి సాయంత్రం దాకా బెంచీ మీద కాళ్ళు వేలాడేసుకోని కూచున్నాడు. పదైదు దినాల్లో బండి పంపించి పందుల్ని పట్టిస్తామన్నారు. గెలిచిన మనిషి మాదిరి బస్సెక్కినాడు.

హిందూపురంలో దిగేసరికి ఎడమ కాలు వాచి అరటిబోదె అయ్యింది.

"కాలి నరంలో రక్తం గడ్డ కట్టింది" అన్నాడు ఆస్పత్రిలో డాక్టరు. "అది పైకి పోయి ఊపిరితిత్తుల్లో అడ్డం పడితే మనిషి దక్కడు. హెపారిన్ ఇంజెక్షన్లు వెయ్యాల, పొద్దునా సాయంత్రం, పొట్టకు."

కోడలు సింధూర మందు తెచ్చింది. డబ్బాలోని కాగితం చదివింది. చదివి, మళ్ళీ మడిచి లోపల పెట్టి, అత్తను వరండాలోకి లాక్కుపోయింది.

"అత్తా, అరవొద్దు. ఇది పందుల పేగుల్లోంచి తీసే మందంట."

సీతాదేవి డబ్బాను లాక్కోని కొంగు చాటున దాచింది.

"వేరేది లేదా?"

"ఆయనకు ఇప్పటికి ఇదే పనికొస్తుందంట. అడిగే వచ్చినా."

లోపల్నుంచి కేక వినపడింది. "ఏమే, ఆ డబ్బా ఇట్లా తే! చుక్క చూడాల!"

సీతాదేవి డబ్బాను అటూ ఇటూ తిప్పింది. ఏ చుక్కా లేదు. చుక్క లేకుంటే ఆయన సూది వేయించుకోడు. వేయించుకోకుంటే తన బొట్టు దక్కదు. చేతిసంచి తడుముకుంటే, అంగట్లో బియ్యం మూటల అట్టల మీద ధర రాసే ఆకుపచ్చ పెన్ను తగిలింది. కండ్లు మూసుకోని దేవునికి దండం పెట్టింది. డబ్బా మూలన చిన్న చదరం గీసి, నడుమ చుక్క పెట్టింది.

రామలింగయ్య దిండు కింద నుంచి కండ్లజోడు పెట్టె తీసినాడు. జోడు పెట్టుకోని డబ్బాను చానాసేపు చూసినాడు. లోపలి కాగితం గూడా విప్పి, మళ్ళీ పెట్టేసినాడు. సీతాదేవి కొంగు నోట్లో కుక్కుకుంది.

"అంతా ఇంగిలీసు, ఏం చదివేది? చుక్క ఉండాది, చాలు. ఏదో ఆకుల రసమే అయ్యుంటాదిలే" అని నర్సు దిక్కు తిరిగినాడు. "పొడువమ్మా స్వప్నా."

అట్లా నాలుగు దినాలు గడిచె. రోజూ కొత్త డబ్బా, కొత్త చుక్క.

ఐదో దినం పెన్ను కనపడలేదు. సంచి దులిపింది. మంచం కిందికి దూరింది.

"ఏం పోయిందే?"

"పిన్నీసు."

"పిన్నీసుకు ఇంత ఏడుపా? పోయి కాఫీ తాగిరాపో."

డబ్బా ఆయన మంచం పక్కన పెట్టి, ఇంక దేవుడే దిక్కనుకుంటా పోయింది. తిరిగొచ్చేసరికి స్వప్న సూది వేస్తాండాది. ట్రేలో డబ్బా. దాని మీద ఆకుపచ్చ చుక్క! సీతాదేవి గీసే దానికన్నా చదరం తిన్నగా గూడా ఉండాది. ఆ పిల్లే కనిపెట్టి పుణ్యం కట్టుకుందని సీతాదేవి లోలోపల దండం పెట్టుకుంది. మిగతా దినాలూ అంతే, సీతాదేవి కాఫీ తాగొచ్చేసరికి చుక్క సిద్ధం.

ఇంటికి పోయే రోజు ధర్మవరం చీరొకటి తెప్పించి నర్సు చేతిలో పెట్టింది.

"నువ్వు చేసింది ఈ జన్మకు మర్చిపోను తల్లీ."

"అది మా పనే గదమ్మా" అనింది స్వప్న.

చెప్పిన గడువుకు పందుల్ని పట్టే బండేసుకోని ఆఫీసరు వచ్చినాడు. ఎర్రప్ప చేతులు కట్టుకోని నిలబడినాడు, కండ్లల్లో నీళ్ళు. రామలింగయ్య కర్ర ఊతంతో వాకిట్లోకి వచ్చినాడు.

"యా పందులు సార్? అవి మాకు ఏ కీడూ చెయ్యలేదే!"

"అర్జీ నువ్వే ఇచ్చినావు గదయ్యా?"

"అప్పుడు నాకు వాటి సంగతి సరిగ్గా తెలీదు సార్. పోయిరాండి."

ఎర్రప్ప నోరు తెరిచినోడు మూయలేదు. చావు దాకా పోయొచ్చి మనిషి మెత్తబడినాడనుకున్నారు బజారోళ్ళు. ఆయనకు తెలీకుండానే గట్టెక్కించినావు సామీ అని సీతాదేవి టెంకాయ కొట్టింది.

ఈ కథ మతిలో పెట్టుకో, మీ వాళ్ళకూ చెప్పు, అయితే ఈ కడాకరి ముక్క మాత్రం ముందే చెప్పెయ్యొద్దు: మరుసటి దినం కండ్లజోడు తుడిచి పెడదామని సీతాదేవి ఆయన పెట్టె మూత తీస్తే, లోపల బియ్యం ధరలు రాసే ఆకుపచ్చ పెన్ను ఉండాది.