గునుగు కుండ

కొత్త రకం మక్కజొన్న వచ్చాక మా ఊళ్లో యూరియా బస్తా ఎత్తినవాళ్లు లేరు. మట్టిలో ఉన్న సత్తువనంతా ఆ పైరే వెతుక్కుని తింటుంది, కాస్త కూడా వృథా పోనివ్వదు. కంకులు బాగానే వస్తున్నాయి. చేలో, గెట్ల మీద గడ్డిపరక మాత్రం మొలవదు.

బతుకమ్మలో పేర్చే గునుగు కూడా పోయింది. మక్కచేలల్లో కలుపు తీసి బతికిన మా అత్త కొమురవ్వ, ఒకప్పుడు పీకి పారేసిన ఆ మొక్కనే ఈ ఏడు వాకిట్లో కుండలో పెంచింది. బియ్యం కడిగిన నీళ్లు పోసింది, పేడ వేసింది.

“ఒక్క గునుగు పువ్వన్న లేకుంటే అది బతుకమ్మెట్లైతది?” అనేది.

తీరా పండుగ ముందర ఆకులు పసుపెక్కాయి, మొగ్గలు వాడిపోయాయి. ఎండ దెబ్బేమోనని నీడకు జరపబోయాను. కుండ కదల్లేదు. గట్టిగా లాగితే అడుగు చిల్లిలోంచి తెల్లటి వేళ్లు సాగాయి.

“గునుగు వేళ్లు నేలలకు దిగినయత్తా,” అన్నాను సంబరంగా.

అత్త కూచుని మట్టి తవ్వింది. ఆ వేళ్లు కుండలోంచి దిగినవి కావు. గోడ అవతలి మక్కచేలోంచి పాక్కుంటూ వచ్చి కుండలోకి ఎక్కినవి.

అత్త చేతి మట్టి దులుపుకోలేదు.

“మేం కలుపు తీసేటప్పుడు గూడ,” అంది, “పండుగకని గెట్టు మీద నాలుగు మొక్కలు ఇడిచిపెడుతుంటిమి బిడ్డా.”