తొలి పూత

భ్రమరాంబ పాలగిన్నె పట్టుకుని వీధి గుమ్మంలోకి వచ్చేసరికి, ఎవడో గేటు లోపల నిలబడి మామిడి పూత తుంచేస్తున్నాడు.

"ఓరి నీ చేతులు పడిపోను! ఏం చేస్తున్నావురా?"

అతను ఉలిక్కిపడి తిరిగాడు. ఎడమ కనుబొమ్మ మీద తెల్లమచ్చ. నెల కిందట గేటు పక్కనున్న పేరు బోర్డు చదువుకుంటూ నిలబడ్డ మనిషే.

ఆ రోజు మంచివాడే అనుకుంది.

"మొదట్ల నీళ్లు పొయ్యకమ్మా. జర దూరంగ పాదు తవ్వి పొయ్యి. అంటు కట్టినకాడ కింద చిగురొస్తే గిల్లెయ్యి" అని చెప్పి వెళ్లాడు.

"నీది మొక్కల పనా బాబూ?" అని అడిగితే, "నాకేం తెల్వదమ్మా. ఒక సారు చెప్పిండు" అన్నాడు.

ఇవాళ చూస్తే ఇదీ నిర్వాకం.

"గీ ఏడు పూత ఉంచొద్దమ్మా" అన్నాడతను చేతులు జోడించి. "పసి చెట్టు. కాపు మొయ్యలేదు."

"నా చెట్టు నా ఇష్టం! ఆయన చేత్తో నాటిన మొక్క అది. ఆయన పోయిన ఏడే పూసింది. ఆయనే తిరిగొచ్చినట్టుంది నాకు!"

లక్ష్మీనారాయణగారు కార్తికమాసంలో పోయారు. కొండాపూర్‌లో ఇల్లు కట్టుకుని గట్టిగా ఏడాది కాలేదు. మాదాపూర్‌లో కొత్తగా లేస్తున్న టవర్లకు కంకర మోసే లారీ ఆయన స్కూటర్‌ని గుద్దింది. భ్రమరాంబ ఆస్పత్రికి చేరేసరికే అంతా అయిపోయింది.

పోవడం ఒక ఎత్తు, పాతికేళ్ల కాపురం చేసి ఒక్క మాటైనా చెప్పకుండా పోవడం ఒక ఎత్తు. పలకరించడానికి వచ్చిన ప్రతివాళ్లకూ ఆవిడ అదే చెప్పుకుని ఏడ్చేది.

అతను ఏదో చెప్పబోయాడు. ఆవిడ ముఖం చూసి ఆగిపోయాడు.

ఈలోగా కేకలకు నలుగురూ పోగయ్యారు. ఎదురింటి చలపతిరావు అతని కాలరు పట్టుకుని గేటు బయటికి నెట్టాడు. ఒకరిద్దరు చెయ్యి కూడా చేసుకున్నారు. అతను ఎదురు తిరగలేదు. కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయాడు.

"ఏడ్చే మగాణ్ణి నమ్మకూడదంటారు వదినగారూ" అంది చలపతిరావు భార్య జయలక్ష్మి.

ఆ మనిషి మళ్లీ రాలేదు.

మిగిలిన పూతంతా నిలిచింది. బొటనవేలు లావు లేని కొమ్మలకు గుత్తులు గుత్తులుగా కాయలు దిగాయి. భ్రమరాంబ రోజూ వాటిని చేత్తో నిమిరి మురిసిపోయేది.

వైశాఖం ఎండలకు ఆకు వాలింది. ఎన్ని నీళ్లు పోసినా తేరుకోలేదు. కాయలు కొమ్మన ఉండగానే చెట్టు నిలువునా ఎండిపోయింది. ఆయన కోసం ఏడ్చినంతా మళ్లీ ఏడ్చింది భ్రమరాంబ.

ఆ నెల్లోనే మేడమీద వాటాలో రెబెక్కా అనే నర్సు అద్దెకు దిగింది. తాళంచెవి కోసం ఇంట్లోకి వచ్చి, దండ వేసిన ఫోటో ముందు ఆగిపోయింది.

"ఈ సారు... ఆ రోజు డ్యూటీలో నేనే ఉన్నానండి."

భ్రమరాంబ ఆమె రెండు చేతులూ పట్టేసుకుంది.

"ఏమైనా అన్నారా అమ్మా? ఒక్క మాటైనా?"

"మా దగ్గరికి వచ్చేసరికే మాట పడిపోయిందండి. తీసుకొచ్చిన ఆటో అతనితోనే దారంతా మాట్లాడారట. పోలీసు కేసంటారని భయపడి, పేరైనా చెప్పకుండా వెళ్లిపోయాడు పాపం. ఎడమ కనుబొమ్మ మీద తెల్లమచ్చ. ఇప్పటికీ కళ్లలో మెదులుతాడండి."

భ్రమరాంబ గేటు వైపు చూసింది.

"ఏం... ఏం మాట్లాడారట?"

"ఏదో మామిడి మొక్క గురించండి. నీళ్లెలా పొయ్యాలో చెప్పారట. 'తొలి పూత తుంచెయ్యాలి, మా భ్రమరకు చేతులు రావు, నువ్వైనా తుంచు బాబూ' అని ఒట్టు వేయించుకున్నారట. 'నేను తెచ్చినా పానం దక్కలేదని ఆ అమ్మకు ఏ మొకంతోటి చెప్పాలె సిస్టర్' అని ఒకటే ఏడ్చాడండి."

ఒక్క మాటైనా చెప్పకుండా పోయారని అందరికీ చెప్పుకుని ఏడ్చిన భ్రమరాంబ, ఆయన ఆఖరి మాటను గేటు దాటి లోపలికి తెచ్చిన మనిషిని తానే దొంగని చేసి కొట్టించి పంపింది.