మానుకోట దిక్కు

తెలంగాణ కోసం సమ్మె మొదలై, బస్సులు నిలిచి ఇరవై మూడో రోజు. చీకటి పడగానే కేసముద్రంలో కరెంటు పోయింది. మెకానిక్ కొమ్మాలు తన పాత అంబాసిడర్ ముందు చక్రాలను జాకీ మీద లేపి, కింద వెల్లకిలా పడుకున్నాడు. స్టీరింగ్ రాడ్డు చివరి జాయింటు మీద చెయ్యి వేశాడు. పైన ఒకరు స్టీరింగ్ తిప్పితే, జాయింటులో వదులుంటే కింద చేతికి తెలుస్తుంది.

పదిహేనేళ్లు ఆ సీట్లో భార్య సారక్కే కూర్చుంది. కింద పడుకున్నవాడి కుడి ఏదో ఆమెకు ఎప్పుడూ తికమకే. అందుకే ఇద్దరూ కుడి ఎడమలు మానేసి 'టేషన్ దిక్కు', 'మానుకోట దిక్కు' అనుకునేవాళ్లు.

తొమ్మిది రోజుల కింద సారక్కకు ఛాతీలో నొప్పి లేచింది. ఆ సాయంత్రం ఈ జాయింట్లన్నీ విప్పి ఉన్నాయి. "గంటల బిగిస్త, జర ఓర్చుకో" అన్నాడు కొమ్మాలు. మానుకోట దవాఖాన ఇరవై కిలోమీటర్లు కూడా లేదు. ఆఖరి నట్టు బిగించి వచ్చేసరికి ఆమె చల్లబడింది.

ఊళ్లో ఇంకెవరికైనా అక్కర పడుతుందని ఇవాళ మళ్లీ కారు కిందికి దూరాడు. అలవాటుకొద్దీ నోరు జారింది.

"సారక్క, జర టేషన్ దిక్కు తిప్పు."

పైన సీటు స్ప్రింగు కిర్రుమంది. చేతి కింద రాడ్డు కదిలింది. మెల్లగా మానుకోట దిక్కు తిరిగి, అక్కడే ఆగిపోయింది.

"టేషన్ దిక్కు అన్న గదనే" అన్నాడు.

రాడ్డు అటే నిలిచి ఉంది. జాయింటులో వదులు ఇసుమంతైనా లేదు.