దుత్తలూరు నుంచి గొంతు

మర్రిపాడు మెట్టలో చీకటి పడ్డాక, గొర్రెల దొడ్డి పక్కన నులకమంచం మీద కూర్చుని మాలకొండమ్మ రేడియో తిప్పుతోంది. రాత్రయితే ఆకాశంలో కరెంటున్న పొర ఒకటి దూరదేశాల మాటల్ని కిందికి తిప్పికొడుతుందని మనవరాలు చైత్ర చెప్పింది. దుత్తలూరు సంతనుంచి అప్పుడే తిరిగొచ్చిన మొగుడు మస్తానయ్య, మాటా పలుకూ లేకుండా పక్కనే చీకట్లో కూర్చున్నాడు.

తెలియని భాషల హోరులోంచి ఉన్నట్టుండి మస్తానయ్య గొంతు వినిపించింది. "మాలకొండా, బస్సు దొరకలా. దుత్తలూరులోనే ఉండాను. తెల్లారి వస్తాను."

ఆమె నవ్వబోయి ఆగిపోయింది. "ఏందయ్యా ఇది? నీ గొంతే!"

గొర్రెలన్నీ లేచి దొడ్డిలో అవతలి మూలకు నక్కాయి.

రేడియోలో గొంతు వణికింది. "ఎవురితో మాట్లాడతాండావు?"

మంచం కిర్రుమంది. పక్కనున్నవాడు ఆమె వైపు జరిగాడు.